ఇంకొక్క టేకు

మా అక్క గొంతు పగిలిన చోట జనం చప్పట్లు కొడతారు. సరిగ్గా అక్కడే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ పాట మీరూ వినే ఉంటారు. అరవైల్లో వచ్చింది. కొత్తగా పెళ్ళయిన పిల్ల ఊరినుంచి తిరిగొస్తూ, ఇంట్లో ఎదురుచూసే మొగుడికోసం దారి పొడుగునా పాడుకునే పాట. తలుపు వేసేయకు, వస్తున్నా, ఈ మలుపు తిరిగితే మన ఇల్లే అని. సినిమా వారం కూడా ఆడలేదు, ఎలా వెళ్ళిన రీళ్ళ డబ్బాలు అలాగే తిరిగొచ్చాయి. పాట మాత్రం ఇప్పటికీ ఆగలేదు. ఆఖరి చరణంలో 'వస్తున్నా' అన్న చోట గొంతు జీరబోయి, తెగిపోయిందేమో అనిపించి, మళ్ళీ అతుక్కుంటుంది. రెప్పపాటు, అంతే. ఆ రెప్పపాటుకోసం జనం పడి చచ్చిపోతారు.

దాని వెనక కథ అంటూ ఎన్ని కోతలు కోశారో లెక్కలేదు. మైకు దగ్గర ఉల్లిపాయ కోసి పెట్టారని రేడియోలో ఒక మహానుభావుడు చెప్పాడు. ఫ్లూటు వాయించే అతనితో ప్రేమ బెడిసికొట్టిందని ఒక వారపత్రిక రాసింది. ఆ ఫ్లూటాయనకి అప్పటికే అరవై ఏళ్ళు, నోట్లో నాలుగు పళ్ళు. పాడుతుంటే దోమ గొంతులోకి వెళ్ళిందని ఇంకొకడు చెబితే విని, అక్కకంటే ముందు నేనే నవ్వాను. నవ్వక ఏం చేస్తాం? ఇక టీవీ పాటల పోటీల సంగతి చెప్పనే అక్కర్లేదు. పాలపళ్ళు కూడా ఊడని పిల్లల్ని నిలబెట్టి, ఇక్కడ కాస్త ఏడుపు పెట్టమ్మా అని నేర్పిస్తారు. పిల్ల ముక్కు ఎగబీల్చి అచ్చు అలాగే పెడుతుంది. కుర్చీల్లో కూర్చున్న పెద్దమనుషులు లేచి నిలబడి కళ్ళు తుడుచుకుంటారు. అక్క ఏమీ అనకుండా టీవీ కట్టేసి, వెళ్ళి వంటింట్లో కొళాయి తిప్పుకుంటుంది. నేను మాత్రం టీవీ కట్టేశాక కూడా వాళ్ళని తిడుతూనే ఉంటాను.

మేమిద్దరమే ఉంటాం, మేడమీద రెండు గదుల్లో. బావ పోయి చాలా ఏళ్ళయింది. నేను పెళ్ళి చేసుకోలేదు. నా నోటికి జడిసి ఎవడూ రాలేదని అక్క అంటుంది. అందులో అబద్ధమేమీ లేదు. స్టూడియోలో నన్ను టపాకాయ అనేవాళ్ళు. అక్క పాడేది, నేను వెనక కోరస్‌లో నిలబడి ఆ, ఊ అనేదాన్ని.

ఆ రోజుల్లో పాట రికార్డు చేయడమంటే ఇప్పటిలా ముక్కలు ముక్కలుగా పాడి అతికించుకోవడం కాదు. గోనెగుడ్డ బిగించిన గోడల మధ్య, ఒక పెద్ద గదిలో వయొలిన్లవాళ్ళు, డ్రమ్మాయన, ఫ్లూటాయన, మేము, అందరం ఒకేసారి. నేలమీద సుద్దముక్కతో గీతలు గీసేవాళ్ళు, ఎవరి కాళ్ళు ఏ గీతమీద ఉండాలో. గాజులు తీసేయాలి. గంజి పెట్టిన చీర కట్టుకుని వస్తే గరగరమంటుందని వెనక్కి పంపేసేవాళ్ళు. చప్పుడవుతుందని ఫ్యాన్లు కూడా కట్టేసేవాళ్ళు. చెమట కళ్ళలోకి కారుతున్నా తుడుచుకోకూడదు. ఆఖరి చరణం ఆఖరి మాట దగ్గర ఎవరికైనా దగ్గొచ్చిందంటే, మళ్ళీ మొదటినుంచీ అందరం ఇంకో టేకు పాడాల్సిందే.

ఇంకొక కట్టుబాటు కూడా ఉండేది. తలుపుపైన ఎర్రదీపం వెలుగుతుంటే లోపలికి మనిషీ రాకూడదు, కబురూ రాకూడదు. డ్రమ్మాయన తండ్రి పోయినప్పుడు కబురు తెచ్చిన మనిషిని వాచ్‌మన్ బెంచీమీద కూర్చోబెట్టి టీ తాగించాడు. టేకు ఓకే అయ్యాకే చెప్పారు. డ్రమ్మాయన కూడా తప్పుపట్టలేదు. మధ్యలో చెప్పుంటే ఇంతమంది కష్టం బూడిదలో పోసినట్టయ్యేది కదా అన్నాడు. పని అలాంటిది, మనుషులూ అలాగే తయారయ్యాం.

అక్కకి అప్పుడు ఒక్కడే కొడుకు. బుజ్జిగాడు. రెండో ఏడు ఇంకా నిండలేదు. నన్ను 'పిన్నీ' అనలేక 'ఇన్నీ' అనేవాడు. వాడంటే నాకు ప్రాణం. ఇప్పుడు ఎంత చెప్పుకున్నా ఏం లాభం? ఆ పాట ముందురోజు సాయంత్రం వాడికి జ్వరం తగిలింది. పొద్దున కాస్త తగ్గినట్టే ఉంది. బావ ప్రెస్సులో అక్షరాలు పేర్చే పని చేసేవాడు. సెలవు పెట్టి పిల్లాడి దగ్గర తనుంటానన్నాడు. ఇల్లు స్టూడియోకి రెండు వీధుల అవతలే. అక్క రాగానే మ్యూజిక్ డైరెక్టరుకి సంగతి చెప్పింది. మేమంతా ఆయన్ని మాస్టారు అనేవాళ్ళం. పాట అవగానే పంపించేస్తానమ్మా అన్నాడు.

ఆ రోజు పాట ఓ పట్టాన కుదరలేదు. ఒకసారి వయొలిన్ తీగ తెగింది, ఒకసారి డ్రమ్ము ముందే పడింది. మధ్యాహ్నానికి ఒక టేకు బాగా వచ్చిందనుకున్నాం. అయినా మళ్ళీ గీతలమీదికి రమ్మన్నారు. వెళ్ళి నిలబడ్డాం. ఎర్రదీపం వెలిగింది.

అక్క మైకు తలుపుకి ఎదురుగా ఉండేది. ఆ తలుపుకి చిన్న గుండ్రటి అద్దం. ఆఖరి చరణంలో ఉండగా ఆ అద్దంలో బావ మొహం కనిపించింది. చొక్కాకి బొత్తాలు పెట్టుకోలేదు, నోటికి అడ్డంగా తువ్వాలు నొక్కిపెట్టుకున్నాడు. వెనక నిలబడ్డ నేనే చూశాను. ఎదురుగా ఉన్న అక్క చూడకుండా ఉంటుందా? 'వస్తున్నా' అన్న మాట మధ్యలో గొంతు తెగింది. మళ్ళీ అతుక్కుంది. అక్క ఆపలేదు. ఆపితే అందరూ మళ్ళీ మొదటినుంచి పాడాలి, అప్పటికే అందరి గొంతులూ అరిగిపోయి ఉన్నాయి. చివరి మాట దాకా పాడి, దీపం ఆరేదాకా కదలకుండా నిలబడి, అప్పుడు పరిగెత్తింది. లోపల అద్దాల గదిలో సౌండాయన కళ్ళు తుడుచుకుంటూ, ఇదీ పాటంటే అన్నాడట. ఆయనకి మాత్రం ఏం తెలుసు?

మేం వెళ్ళేసరికి బుజ్జిగాడు లేడు. ఫిట్స్ వచ్చాయట. పోయేముందు అమ్మా, అమ్మా అని తలుపువైపు చూశాడట. బావ అమాయకుడు, ఆ మాట దాచుకోవాలని కూడా తెలియలేదు.

ఆ సాయంత్రం అక్క ఒకే మాట పట్టుకుంది. "ముందు టేకు ఓకే అయిపోయిందే. ఒక్కటి, ఇంకొక్కటి అని మాస్టారే ఆపాడు. అప్పుడే పంపేసి ఉంటే వాణ్ణి ప్రాణంతో చూసేదాన్ని."

అంతే. ఆ మాట మా ఇంటికి గోడలా నిలబడిపోయింది. మాస్టారు వచ్చాడు. అక్క తలుపు వేసుకుంది. గుమ్మం బయట నేనే నిలబడి దుమ్మెత్తిపోశాను. ఏ మొహం పెట్టుకుని వచ్చావన్నాను, నీ పాట తగలెయ్యా అన్నాను, నీ కడుపున పుట్టినవాడైతే ఇలాగే చేసేవాడివా అన్నాను. ఆయన తల వంచుకుని అంతా విని వెళ్ళిపోయాడు. ఆ తరవాత కూడా చాలాసార్లు వచ్చాడు, ప్రతిసారీ నేను వదలకుండా తిట్టాను. ఆ టేకు వద్దు, ముందుదే వేయించండి అని అక్క నాతో కబురు పెట్టింది. తన చేతుల్లో లేదమ్మా, నిర్మాత ఆ ఏడుపు విని తనూ ఏడ్చాడు, ఇక వదలడు అన్నాడు. దానికీ తిట్లే తిన్నాడు.

అక్క మళ్ళీ ఆయనకి పాడలేదు. మిగతావాళ్ళకి కొన్నాళ్ళు పాడి, తరవాత మానేసి బడిలో పిల్లలకి పాటలు నేర్పుకుంది. మళ్ళీ పిల్లలు పుట్టలేదు. ఆ పాట మాత్రం పెళ్ళిళ్ళలో, బస్సుల్లో, పక్కింటి రేడియోలో, మంగలి షాపులో, ఎక్కడికి వెళ్తే అక్కడికి వెంటపడి వచ్చేది. పాట మొదలవగానే అక్క చేతిలో పని చేతిలోనే ఆగిపోయేది. ఆ ఒక్క చోటు దాటేదాకా ఊపిరి బిగపట్టుకునేది. కొడుకు పోయిన క్షణాన్ని ఏ తల్లీ ఇన్నిసార్లు వినుండదు. మాస్టారు మంచాన పడి, ఒక్కసారి చూడాలని ఉందని కబురు పంపినప్పుడు కూడా అక్క వెళ్ళలేదు. మంచిపని చేశావన్నాను నేను.

మొన్న ఎండాకాలంలో సౌండాయన కూతురు ఫోన్ చేసింది. తండ్రి దాచిన పాత టేపులన్నీ శుభ్రం చేసి కంప్యూటర్లోకి ఎక్కిస్తోందట. వాటిలో మా పాట టేపు ఇంకొకటి దొరికింది, బయటికి వచ్చిన టేకుకి ముందు పాడినది, ఇందులో ఆ జీర లేదండీ, గొంతు సాఫీగా ఉంది, ఒకసారి వచ్చి వింటారా అంది. నేను ఫోన్ పట్టుకుని అక్క వైపు చూశాను. వినపడింది తనకి.

"ఆ టేకులో వాడు బతికే ఉన్నాడే," అంది.

ఇక ఆగలేదు. మోకాళ్ళ నొప్పులని మెట్లు దిగడం మానేసి ఎన్నాళ్ళో అయిన మనిషి, మర్నాడు పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చీర కట్టుకుని, నాకంటే ముందు గుమ్మంలో నిలబడింది. ఆటోలో వెళ్తున్నంతసేపూ చిన్నపిల్లలా మాట్లాడింది. ఆ పాట పాడుతున్నప్పుడు వాడికి కొనాల్సిన టోపీ గురించి ఆలోచిస్తున్నానే, తొందరగా అయిపోతే వెళ్తూ కొనుక్కెళ్ళాలనుకున్నా అంది. ఇన్నేళ్ళలో నాకెప్పుడూ చెప్పలేదు ఆ సంగతి. చనిపోయే ముందు ఆ పాటని ఒక్కసారి ఆ ఏడుపు లేకుండా వింటే చాలు, ఇక ఎవరు ఎక్కడ వేసుకున్నా నాకేం కాదు అంది. నాకు ఏడుపొచ్చింది. ఆటోవాడు మెల్లగా నడుపుతున్నాడని వాడిమీద అరిచాను.

ఆ అమ్మాయిది ఒక ఇరుకు గది. అరలనిండా రేకు డబ్బాలు, పాత టేపుల పుల్లటి వాసన. ముట్టుకుంటే విరిగేలా ఉన్న టేపుని పసిబిడ్డని ఎత్తినట్టు ఎత్తి మిషనుకి ఎక్కించింది. మా నాన్నకి ఒక అలవాటుండేది అని చెప్పింది. పాట అయిపోయినా వెంటనే మిషను కట్టేసేవాడు కాదట. ఆఖరి స్వరం గాల్లో పూర్తిగా చల్లారేదాకా టేపు తిరగనిచ్చేవాడట. ఎంత పద్ధతైన మనిషో అనుకున్నాను.

పాట మొదలైంది. వయొలిన్లు, ఫ్లూటు, వెనక మేము. ముసలిదాన్ని, నా గొంతు ఎక్కడుందో వెతుక్కున్నాను. అక్క కళ్ళు మూసుకుని మోకాలిమీద వేలితో తాళం వేస్తోంది. ఆఖరి చరణం వచ్చింది. 'వస్తున్నా' అన్న మాట ఎక్కడా తగలకుండా, నవ్వుతున్నట్టు వెళ్ళిపోయింది. నిజంగా ఇల్లు చేరబోయే మనిషి గొంతు. అక్క నవ్వింది. ఏడుస్తూ నవ్వింది. నా చెయ్యి పట్టుకుని, విన్నావా, విన్నావా అంది.

అమ్మాయి కూడా మా మొహాలే చూస్తోంది, మిషను ఆపలేదు. ఆఖరి స్వరం చల్లారింది. ఎవరో దగ్గారు. కుర్చీ జరిగింది. ఆ వెంటనే మాస్టారి గొంతు.

"ఓకే. చాలా బాగొచ్చింది. ఇక అమ్మాయిని పంపించేద్దాం, ఇంట్లో బాబుకి ఒంట్లో బాలేదట."

మైకుకి దూరంగా ఆడగొంతు. "వద్దు మాస్టారూ, ఇంకొక్క టేకు. మొదటి చరణం ముందు ఊపిరి వినిపించింది."

"నాకేం వినిపించలేదే."

"నాకు వినిపించింది."

"సరే, నీ ఇష్టం. ఒక్కటే మరి, ఇంకొక్కటి."

టేపు ఆగిపోయింది.

ఆ మాటలు నేను అప్పుడు వినలేదు. టేకు అవగానే కోరస్ వాళ్ళం వసారాలో నీళ్ళకోసం ఎగబడేవాళ్ళం. మళ్ళీ పిలిస్తే వచ్చి గీతమీద నిలబడ్డాను, అంతే. అక్క ఆ సాయంత్రం చెప్పిందే నాకూ నిజం. అక్క అబద్ధం చెప్పలేదు. ఆ దుఃఖంలో తనకి ఆయన ఆఖరి మాటే మిగిలింది, ఇంకొక్కటి అన్న మాట. తను అడిగింది తుడిచిపెట్టుకుపోయింది. మనిషి బతకాలి కదా.

మరి ఆ మాస్టారో? అన్నేళ్ళూ మా గుమ్మంలో నిలబడి నా తిట్లన్నీ తిన్నాడే, ఒక్కసారి, ఒక్క మాట, మీ అక్కే అడిగిందమ్మా అనలేదు. అనుంటే ఆ రోజే అక్క నూతిలో దూకేది. అది తెలిసే ఊరుకున్నాడు. అలాంటివాడు పోయేముందు ఒక్కసారి చూడాలని అడిగితే, అక్క వెళ్ళకపోవడమే మంచిపని అన్నాను నేను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

అక్క మిషను వైపే చూస్తోంది. "ఆ అడిగింది..." అంది చివరికి.

"నేనే," అన్నాను.

మా ఇద్దరి గొంతులూ ఒకలాగే ఉంటాయి. బావ కూడా గోడ అవతలినుంచి వింటే పోల్చుకోలేకపోయేవాడు. కోరస్ పిల్ల డైరెక్టరుకి ఎదురు చెప్పడం ఎక్కడైనా ఉంటుందా అంటే, ఉండదు. కానీ నా నోటి సంగతి అందరికీ తెలుసు. జన్మలో మొదటిసారి ఆ నోరు పనికొచ్చింది.

"నేనే అడిగాను అక్కా. నీ ఊపిరి వినిపించిందని నేనే అన్నాను. ఇన్నేళ్ళూ చెప్పడానికి భయమేసింది."

సౌండాయన కూతురు నా వైపు చూసింది. పొద్దంతా గొంతులే వినే పిల్ల, తనకి తెలియకుండా ఎలా ఉంటుంది? తల వంచుకుని టేపు చుట్టుకోవడం మొదలుపెట్టింది.

"ఎందుకడిగావే?" అంది అక్క.

"పాట బాగా రావాలని."

"బాగానే వచ్చింది కదే," అంది. అరవలేదు. తిట్టలేదు. బాగానే వచ్చింది కదే అని ఇంకోసారి అని, నా చేతిలోంచి తన చెయ్యి తీసేసుకుంది.

వెళ్ళేముందు ఆ అమ్మాయిని పక్కకి పిలిచి, పాట వరకే కాపీ ఇవ్వు, తరవాతి మాటలు కత్తిరించెయ్ అన్నాను. అవి కూడా చరిత్రే కదండీ అంది. చరిత్రకి నా అక్కకంటే వేరే మనుషులు బోలెడుమంది ఉన్నారు తల్లీ అన్నాను. కత్తిరించి ఫోన్‌లో వేసి ఇచ్చింది.

ఆ రోజునుంచి అక్క నాతో మాట్లాడటం మానేసింది. ఏదైనా కావాలంటే పనమ్మాయితో చెప్పిస్తుంది. నేను వండింది తింటుంది, కానీ నేను వడ్డిస్తే లేచిపోతుంది. మాస్టారి ఇంటికి ఫోన్ చేయించి ఆయన భార్యతో చాలాసేపు మాట్లాడింది, పాపం ఆయన్ని అన్యాయంగా ఆడిపోసుకున్నామని. మా చెల్లెలే అని ఏదో అనబోయి, నేను గుమ్మంలో ఉండటం చూసి ఆగిపోయింది. రాత్రింబవళ్ళూ ఒక ఇంట్లో ఉండి, కన్నెత్తి చూడని మనిషితో బతకడం ఎంత నరకమో చెప్పలేను. చాలాసార్లు నిజం నాలుక చివరిదాకా వచ్చింది. తిట్టడానికి పుట్టిన నోరు, మూసుకోవడం అలవాటు లేదు. ఆయన అంతకాలం మోసింది నేను నాలుగు రోజులు మోయలేనా అనుకుని మింగేసేదాన్ని.

రోజూ మధ్యాహ్నం ఆ పాట పెట్టుకుంటుంది. జీర లేని పాట. నేను వంటింట్లో అంట్లు ముందేసుకుని కూర్చుని వింటాను.

నిన్న పాట మొదలై, అంతలోనే ఆగింది. మళ్ళీ మొదటినుంచీ పెట్టింది. మళ్ళీ అక్కడే ఆపింది. అలా చాలాసార్లు. ఫోన్ పాడైందేమో చూద్దామని గుమ్మం దాకా వెళ్ళాను. అక్క ఫోన్ చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని ఉంది. నా అడుగు చప్పుడు విని కూడా తల తిప్పలేదు.

"మొదటి చరణం ముందు ఊపిరి నిజంగానే వినిపిస్తోందే," అంది. "నువ్వన్నది నిజమే. ఇంకో టేకు అడగాల్సిందే."

ఇన్ని రోజుల తరవాత నాతో అన్న మొదటి మాట అది. నా కళ్ళు మసకబారాయి. గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

"ఇలా వచ్చి విను," అని ఫోన్ నా చెవికి పెట్టింది. "వినిపిస్తోందా?"

"ఆ అక్కా, వినిపిస్తోంది," అన్నాను.

హమ్మయ్య అన్నట్టు తల ఊపి, వెళ్ళి అన్నం తిను, వేళ దాటిపోయింది అంది.

తను పడుకున్నాక ఆ చోటు మళ్ళీ మళ్ళీ పెట్టుకుని విన్నాను. చెవికి గట్టిగా నొక్కి పెట్టుకుని కూడా విన్నాను. నాకు ఏ ఊపిరీ వినిపించలేదు.